మెదడుకు పటం గీసిన డాక్టర్

వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1891లో అమెరికాలోని స్పోకేన్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన గురువు, నరాల పరిశోధనలో పేరుమోసిన చార్లెస్ షెరింగ్టన్. సర్జన్ అయ్యాక కూడా పెన్‌ఫీల్డ్ చదువు ఆపలేదు. 1924లో స్పెయిన్ వెళ్లి, మెదడు కణాలకు వెండి లవణాలతో రంగు పట్టించి మైక్రోస్కోపులో చూసే పద్ధతి నేర్చుకున్నారు.

1928లో కెనడాలోని మాంట్రియల్‌కు మారారు. ఆ డిసెంబరులోనే సొంత అక్క రూత్ మెదడులోని గడ్డకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. గడ్డతోపాటు మెదడు కుడి ముందుభాగం చాలావరకు తీసేశారు. ఆమె కోలుకుంది. కానీ నలుగురికి వంట చేయబోతే ఏది ముందో ఏది వెనకో తోచేది కాదు. గడ్డ తిరగబెట్టి 1931లో కన్నుమూసింది. అంత దుఃఖంలోనూ ఆయన ఆ మార్పులను వైద్య పత్రికలో నమోదు చేశారు.

1934లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. ఆపరేషన్ థియేటర్, వార్డులు, ప్రయోగశాలలు అన్నీ ఒకే కప్పు కింద!

మందులకు లొంగని మూర్ఛ రోగులకు అక్కడ మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేసేవారు. మెదడుకు నొప్పి తెలియదు కనుక తలపై చర్మానికి మత్తు చాలు. సన్నని కరెంటుతో ఒక్కో చోట తాకితే బొటనవేలు కదిలేది, నాలుక తిమ్మిరెక్కేది. అక్కడ నంబరు చీటీ పెట్టేవారు. డ్రాయింగ్ లేని ప్యానెల్‌లో మేం ఒక్కో వైరునూ పరీక్షించి నంబరు తగిలించినట్టే. మాట, చేయి పోకుండా జబ్బు ఉన్న చోటే తీయడానికి చేసిన ఆ పరీక్షే మెదడు పటమైంది. 1937లో బోల్డ్రేతో కలిసి దాన్ని ప్రచురించారు. రోగికి మేలు చేసిన పనే శాస్త్రానికీ మేలు చేసింది.

ఆయన దగ్గర శిక్షణ పొందిన జాకబ్ చాందీ 1949లో వేలూరులో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం ప్రారంభించారు. పెన్‌ఫీల్డ్ 1976లో మరణించారు.

మహబూబాబాద్ దగ్గరి మా ఊళ్లో నాతో ఆడుకున్న ఒక పిల్లవాడికి ఫిట్స్ వస్తే గాలి సోకిందని బడి మాన్పించారు. జనగామలో మన బడి చదువు ముగించి, ఇంజనీరునై ఇప్పుడు భూపాలపల్లిలో పనిచేస్తున్నా, తాళం చెవుల గుత్తి చేతిలో పెట్టడం నేటికీ చూస్తున్నాను. మిత్రులారా, గురువులారా, తరగతిలో ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తరలించండి. తగ్గాక ఆ బిడ్డను మళ్లీ తన బెంచీలోనే కూర్చోనివ్వండి.