సతారా బడిలో భీమ్‌రావ్ నేర్చుకున్నదేమిటి?

నవంబర్ 7ను మహారాష్ట్రలో విద్యార్థి దినోత్సవంగా జరుపుతారు. 1900లో అదే రోజున సతారాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదేళ్ల మహార్ పిల్లవాడొకడు చేరాడు. అతడే మన బాబాసాహెబ్ అంబేద్కర్. కొలంబియా గురించి, లండన్ గురించి, ఆయన సాధించిన పట్టాల గురించి మనం సభల్లో ఎంతో మాట్లాడుకుంటాం. సతారా బడి దగ్గరకు వచ్చేసరికి, కష్టపడి చదివి పైకొచ్చాడు, మీరూ అలాగే చదవండి అని పిల్లలకు చెప్పి ముగించేస్తాం. ఆ బడి కథ అంత తేలికైనది కాదు.

భీమ్‌రావ్ చదువుకోవడానికి ఎవరి దయా కారణం కాదు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదార్. సైనికులకు, వాళ్ల పిల్లలకు చదువు చెప్పే రోజుల్లో అక్షరం నేర్చి, సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసినవాడు. అంటే అంటరానివాళ్లకు చదువు రాదన్న మాట అబద్ధమని ఆ ఇంట్లో అప్పటికే తేలిపోయింది. దారి తెరిచిన చోట మహార్లు చదువుకున్నారు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి బడి తలుపు తెరుచుకుంది కానీ, లోపల గది మాత్రం ముందే రెండుగా పంచి ఉంది.

మిగతా పిల్లలతో కలిసి కూర్చునే వీల్లేదు. ఓ మూలన, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చోవాలి. గది ఊడ్చే నౌకరు కూడా ఆ గోనెను ముట్టుకోడు. అందుకని సాయంత్రం దాన్ని చుట్టి ఇంటికి మోసుకుపోయి, పొద్దున మళ్లీ తెచ్చుకోవాలి. దాహమేస్తే కుళాయి దగ్గరకు వెళ్లి తిప్పుకుని తాగడం మిగతా పిల్లల హక్కు. ఇతనికి మాత్రం మాస్టారు అనుమతి ఇవ్వాలి, ఆపైన ప్యూన్ వచ్చి కుళాయి తిప్పాలి. ప్యూన్ రాని రోజు నీళ్లు లేవు. ఇంటికొచ్చినా ఇదే వరస. చాకలి బట్టలు ఉతకడు, మంగలి జుట్టు కత్తిరించడు. ఆ పనులు ఇంట్లోవాళ్లే చేసుకునేవాళ్లు. తమ్ముళ్ల జుట్టు అక్కే కత్తిరించేది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. ఈ అవమానాలన్నీ పడుతున్నా ఆ పిల్లవాడికి అప్పటికి కోపం రాలేదు. ఇది బాబాసాహెబ్ తన జ్ఞాపకాల్లో తానే రాసుకున్న సంగతి. మూలన కూర్చోవడం, ప్యూన్ కోసం ఎదురుచూడడం లోకంలో మామూలేనని అనుకున్నాడు. బడి అతనికి నేర్పిన మొదటి పాఠం అదే. ఏ పుస్తకంలోనూ లేకపోయినా, ఏ మాస్టారూ బోర్డు మీద రాయకపోయినా, రోజూ కూర్చునే చోటు, రోజూ అడుక్కునే నీళ్లు ఆ పాఠాన్ని ఎక్కించాయి. నీ చోటు ఇది, ఇందులో అడగడానికేమీ లేదు అన్నదే ఆ పాఠం.

అది తప్పని తెలిసింది బడిలో కాదు, బడికి సెలవులిచ్చినప్పుడు. 1901 వేసవిలో, దూరాన ఉద్యోగం చేస్తున్న తండ్రిని చూడడానికి అన్నతో, అక్క కొడుకుతో కలిసి రైలెక్కాడు. కొత్త బట్టలు కట్టుకుని పిల్లలు ఎంతో సంబరంగా మసూర్ స్టేషన్‌లో దిగారు. తండ్రికి కబురు అందకపోవడంతో తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టారు మొదట ఆదరంగానే పలకరించాడు. మహార్లమని చెప్పగానే ముఖం మారిపోయింది. బళ్లవాళ్లు ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి తీసుకుని, పిల్లలే బండి తోలుకునేలా, తాను పక్కన నడిచేలా ఒకడు ఒప్పుకున్నాడు. దగ్గర అన్నం ఉంది, చేతిలో డబ్బుంది. దారి పొడవునా నీళ్లిచ్చేవాళ్లు మాత్రం దొరకలేదు. నీళ్లు లేక ఆ రాత్రి పిల్లలు అన్నం ముట్టకుండానే పడుకున్నారు.

ఆ రాత్రి భీమ్‌రావ్‌ను కుదిపేసింది. బడిలో కుళాయి దగ్గర జరిగేదీ, దారిలో జరిగిందీ ఒకటేనని అర్థమైంది. అది ఒక ప్యూన్ బద్ధకమూ కాదు, ఒక బండివాడి మొరటుతనమూ కాదు. ఊరూరా ఒకే పద్ధతిలో నడుస్తున్న ఏర్పాటు. ఏర్పాటు అని తెలిశాక దాన్ని మామూలు అనుకోవడం సాధ్యం కాదు.

తర్వాత కుటుంబం ముంబై చేరింది. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్ పెద్ద ఊళ్లోని పెద్ద బడి, అయినా వివక్ష మారలేదు. ఒకసారి లెక్క చేయమని మాస్టారు బోర్డు దగ్గరకు పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న టిఫిన్ డబ్బాలు మైలపడతాయని పిల్లలు పరుగెత్తి తీసేసుకున్నారు. సంస్కృతం చదవనివ్వలేదు కాబట్టి పారశీకం తీసుకున్నాడు. చిన్న గదిలో కాపురం. తండ్రి తెల్లవారుజామున లేపి చదివించేవాడు. కొడుకు అడిగిన పుస్తకాల కోసం పెళ్లయిన కూతుళ్ల దగ్గర చేబదులు తెచ్చేవాడు, వాళ్ల నగలు కుదువపెట్టేవాడు. 1907లో భీమ్‌రావ్ మెట్రిక్ పాసయ్యాడు. ఆ విజయం వెనక అక్కల నగలున్నాయి, తండ్రి నిద్ర లేని రాత్రులున్నాయి. ఒక్కడి ప్రతిభ అని చెప్పి వాళ్లను మనం మరిచిపోకూడదు.

సతారా పాఠానికి ఆయన జీవితాంతం జవాబు చెబుతూనే ఉన్నారు. ఏర్పాటు చేసి పెట్టిన అవమానానికి ఏర్పాటుతోనే జవాబివ్వాలన్నది ఆయన పద్ధతి. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టి, మరుసటి ఏడాదే షోలాపూర్‌లో మన పిల్లలకు హాస్టల్ తెరిచారు. 1927 మార్చి 20న మహద్‌లో వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. నీళ్లు తాగడానికి ప్యూన్ కోసం ఎదురుచూసిన పిల్లవాడు ఇక ఎవరి అనుమతీ అడగలేదు. బావులు, చెరువులు, స్నానఘట్టాల వాడకంలో కులం పేరిట అడ్డు చెప్పరాదని రాజ్యాంగం 15వ అధికరణంలో ఉంది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, 1946లో ముంబైలో సిద్ధార్థ కళాశాల వచ్చాయి. 1950లో ఔరంగాబాద్‌లో కళాశాల పెట్టారు. ఆ ఊరు అప్పట్లో మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. మరాఠ్వాడా దళిత బిడ్డలు అక్కడే చదువుకుని రచయితలయ్యారు, ఉద్యమకారులయ్యారు.

ఈ జీవితం నుంచి మనం తీసుకోవాల్సిందేమిటి? బాగా చదవాలి అన్న ఒక్క మాటే అయితే సగం పాఠమే. చిన్నతనంలో బడి నేర్పేది పుస్తకంలో ఉన్నంతే కాదు. ఎవరు ముందు కూర్చుంటారు, మధ్యాహ్న భోజనం ఎవరు వండితే ఎవరు తింటారు, మరుగుదొడ్డి కడగమని ఎవరిని పిలుస్తారు, మాస్టారు ఎవరిని పేరుతో, ఎవరిని కులంతో పిలుస్తారు అన్నవన్నీ పాఠాలే. మరీ చిన్న పిల్లలు వీటి మీద ఫిర్యాదు చేయరు. భీమ్‌రావ్ అంతటివాడే సతారాలో చేయలేదు, మామూలే అనుకున్నాడు. కాబట్టి ఏ బడిలోనైనా ఫిర్యాదులు లేవంటే వివక్ష లేదని మనం సరిపెట్టుకోలేం.

చదువుకుంటున్న మనం సెలవుల్లో ఊళ్లకు వెళ్తాం. కొందరం రేపు ఉపాధ్యాయులమవుతాం. వాడలోని బడికి వెళ్లినప్పుడు పిల్లల మార్కులు అడిగే ముందు ఎక్కడ కూర్చుంటున్నారో చూద్దాం. నీళ్లెక్కడ తాగుతున్నారో, ఎవరు అందిస్తున్నారో చూద్దాం. అక్కడ కనిపించేది మామూలు కాదని ఆ పిల్లలకు చెప్పడం మన పని. ఆ మాట వినడానికి ఏ పిల్లా ఒక రాత్రంతా దాహంతో పడుకోవాల్సిన అవసరం రాకూడదు.