ఇరవైమూడేండ్ల గాయకుడు – ఇయాన్ కర్టిస్

ఆంగ్లదేశపు రాక్ సంగీత చరిత్రలో జాయ్ డివిజన్ అను బృందానిది చాల చిన్న అధ్యాయం. ఆ పేరుతో అది నిలిచినది 1978 జనవరి మొదలు 1980 మే వరకు మాత్రమే. సిద్ధం చేసిన పూర్తి ఆల్బములు రెండే. ఆ బృందపు గాయకుడూ, గేయకర్తా అయిన ఇయాన్ కర్టిస్ ఇరవైమూడవ యేటనే కన్నుమూశాడు. అతని పాటలను మెచ్చినవారికి కొదువ లేదు. కాని ఆ పాటలలోని మనిషి మొరను అతడు బ్రతికి ఉండగా ఆలకించినవారు ఎందరన్నదే ఈ జీవితం మన ముందుంచే ప్రశ్న.

ఇయాన్ 1956 జులై 15న మాంచెస్టర్ చెంతనున్న స్ట్రెట్‌ఫర్డ్‌లో జన్మించాడు. ఒకప్పుడు పట్టు పరిశ్రమకు ప్రసిద్ధి చెందిన మాకిల్స్‌ఫీల్డ్ పట్టణంలో పెరిగాడు. ప్రతిభ వల్ల అక్కడి కింగ్స్ స్కూల్‌లో ప్రవేశం లభించింది. విద్యార్థి దశలోనే కవిత్వం పట్ల మక్కువ కలిగింది. 1975 ఆగస్టులో, పందొమ్మిదేండ్ల ప్రాయంలో, డెబొరాను వివాహమాడాడు.

1976 వేసవిలో సెక్స్ పిస్టల్స్ అను బృందం మాంచెస్టర్‌లో ఇచ్చిన కచేరీలు ఎందరో యువకులను సంగీతం వైపు మళ్లించాయి. బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ అను మిత్రులు అప్పుడే వాద్యాలు చేపట్టారు. ఇయాన్ వారికి గాయకుడైనాడు. తరువాత స్టీఫెన్ మోరిస్ డ్రమ్ములు వాయించడానికి వచ్చి చేరాడు. వార్సా అను పేరుతో 1977 మేలో తొలి కచేరీ ఇచ్చిన ఈ బృందమే మరుసటి సంవత్సరం జాయ్ డివిజన్ అయింది.

రాత్రివేళ గాయకుడైన ఇయాన్ పగటివేళ ప్రభుత్వోద్యోగి. మన పట్టభద్రులకు సుపరిచితమైన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి వంటి కార్యాలయంలో వికలాంగులకు, దీర్ఘరోగులకు పని వెదకిపెట్టడం అతని బాధ్యత. అచటికి వచ్చేవారిలో మూర్ఛవ్యాధిగ్రస్తురాలైన ఒక యువతి ఉండేది. కొంతకాలానికి ఆమె మరణించిందని తెలిసి అతడు చలించిపోయాడు. షీజ్ లాస్ట్ కంట్రోల్ అను పాటకు ఆమె స్మృతియే మూలం.

విధి వైపరీత్యమేమో, ఆ వ్యాధియే అతనినీ ఆవహించింది. 1978 డిసెంబరులో లండన్ కచేరీ ముగించుకొని తిరిగి వస్తుండగా కారులోనే మూర్ఛ వచ్చింది. 1979 జనవరిలో వైద్యులు వ్యాధిని నిర్ధారించారు. ఆ జూన్‌లో అన్‌నోన్ ప్లెజర్స్ అను తొలి ఆల్బము వెలువడి విమర్శకుల ప్రశంసలు పొందింది. వేదికపై అతడు చేతులు విసురుతూ చేసే నృత్యం మూర్ఛరోగి చేష్టలను తలపించేది. కొన్ని రాత్రులలో అది నిజంగానే మూర్ఛగా పరిణమించేది. ఏది నృత్యమో ఏది వ్యాధియో తెలియని ప్రేక్షకులు చప్పట్లు కొట్టేవారు.

వ్యాధికి విశ్రాంతీ నిద్రా అవసరం. కచేరీలకు రాత్రి జాగరణా, ప్రయాణమూ, మిరుమిట్లు గొలిపే దీపాలూ తప్పవు. మందులు మనసును మరింత క్రుంగదీశాయి. 1979 ఏప్రిల్‌లో కుమార్తె జన్మించినా దాంపత్యంలో కలతలు పెరిగాయి. 1980 ఏప్రిల్‌లో మందులు అధికంగా మ్రింగి ప్రాణాపాయం నుండి బయటపడిన కొద్ది రోజులలోనే అతడు మరల వేదిక ఎక్కవలసి వచ్చింది. అమెరికా పర్యటనకు బయలుదేరడానికి ముందురోజు, మే 18న, మాకిల్స్‌ఫీల్డ్‌లోని స్వగృహంలో తన ప్రాణాలు తానే తీసుకొన్నాడు.

రెండవ ఆల్బము క్లోజర్ ఆ జులైలో, అతని మరణానంతరం విడుదలైంది. మిగిలిన మిత్రులు పాత పేరును విడిచి న్యూ ఆర్డర్ అను క్రొత్త బృందాన్ని స్థాపించుకొన్నారు. ఇయాన్ వ్రాసిన మాటలు కేవలం కవిత్వమని భావించామనీ, వాటిని శ్రద్ధగా విన్నది అతడు పోయిన తరువాతనేననీ వారు ఆ పిమ్మట అంగీకరించారు. వారు నిర్దయులు కారు. ఇరవై రెండు, ఇరవై నాలుగేండ్ల కుర్రవారు. ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానని చెప్పే మిత్రుని మాట నమ్మారు.

విద్యార్థి మిత్రులారా! ఇతరులకు ఉపాధి చూపిన ఆ యువకుడు తన కష్టంలో ఎవరి వద్దకు వెళ్లాలో ఎరుగక పోయాడు. మన తరగతిలో చక్కగా వ్రాసేవాడు, చక్కగా పాడేవాడు ఒకడుంటే అతనిని మెచ్చుకొందాం. కాని అతడు హఠాత్తుగా మౌనం వహించిన నాడు, చప్పట్లు ఆపి, అతని ప్రక్కన కూర్చుందాం. బాగున్నానన్న సమాధానంతో తృప్తిపడక రెండవమారు అడుగుదాం.