బడిలో ఉమ్మేసిన నీలం బిళ్ల వెనక భీమవరం సుబ్బారావు

మాది పెదకాకాని. మూడేళ్ల కిందట మా అక్కకి తొలి కాన్పు అయింది. బిడ్డకి నడుము మీద నీటిబుడగ లాంటిది ఉంది. కాళ్లు కదల్లేదు. పదకొండు రోజులే బతికాడు. గ్రహణం పట్టిందని ఒకరు, అక్క నెల తప్పినాక కూడా మిరపకోతకి పోయింది కాబట్టే ఇట్టా అయిందని ఇంకొకరు, నోటికొచ్చింది అన్నారు. అక్క ఏడాదిపాటు ఎవరి మొహం చూడలేదు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ మాత్రం వేరే సంగతి చెప్పింది. కడుపులో బిడ్డకి మెదడు, వెన్నుపాము ముందుగా ఒక సన్న గొట్టంలాగా ఏర్పడతాయంట. ఆ గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల లోపే మూసుకోవాల. పైకొస మూసుకోకపోతే మెదడు ఏర్పడదు, కింద మూసుకోకపోతే వెన్ను తెరుచుకునే ఉంటది. దీనికి కారణాలు చాలా ఉండొచ్చు, కానీ ఒంట్లో ఫోలిక్ యాసిడ్ తక్కువుంటే ముప్పు పెరుగుద్ది. ఇంకో బిడ్డని అనుకునే ముందే వాడమని అక్కకి బిళ్లలు రాసిచ్చింది.

ఆ పేరు వినంగానే నాకు బడి గుర్తొచ్చింది. సోమారం సోమారం మాకు నీలం బిళ్ల ఇచ్చేవాళ్లు. నోట్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని గోడెనక్కి పోయి ఉమ్మేసేవాళ్లం. ఆ బిళ్లలో ఇనుముతో పాటు ఉన్నది ఈ ఫోలిక్ యాసిడ్డే. దాన్ని ఫ్యాక్టరీలో తయారు చేసే దారి కనిపెట్టిన జట్టుకి పెద్ద మనోడే, యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టినోళ్లమే గానీ, ఆయన బతుకు మనలో ఎంతమందికి తెలుసు?

1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. చిన్నతనంలో కాశీ పోయి యాత్రికులకి అరటిపళ్లు అమ్ముకుని బతుకుదామని ఇంట్లోంచి పారిపోయాడు. పట్టుకొచ్చి మళ్లీ బడిలో వేశారు. తండ్రి పోయాడు. తల్లి వెంకమ్మ పట్టుబట్టి చదివించింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. ఒకసారి సప్లీ వస్తేనే చదువు మానేద్దామనుకునే తమ్ముళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

సన్నాసుల్లో కలుద్దామనుకున్నోడు చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టాడు. తెల్ల ప్రొఫెసరుకి అది నచ్చలా. ఎంబీబీఎస్ రావాల్సినోడికి ఎల్‌ఎంఎస్ అనే చిన్న డిగ్రీ చేతిలో పెట్టారు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. అన్న, తమ్ముడు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కరిగిపోతాడు. అప్పటికి దానికి మందు లేదు.

మామగారి సాయంతో ఓడెక్కి 1922 అక్టోబరులో బోస్టన్ చేరాడు. హార్వర్డులో చదువుకుంటా, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పళ్లేలు కడిగాడు. పెళ్లాం శేషగిరిని ఇక్కడే వదిలిపోయాడు. కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడనేలేదు. పెళ్లాన్ని కూడా మళ్లీ చూడలేదు. గొప్పోడు గదా అని ఈ సంగతి దాచకూడదు. ఆయన కీర్తికి ఆమె కూడా ఖరీదు కట్టింది.

ఇప్పుడు మెదడు సంగతికొద్దాం. ఫిస్కే అనే ప్రొఫెసరుతో కలిసి 1925లో ఆయన ఒంట్లోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. దాని వెంటే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏటీపీని జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు. ఇవేందో మన లెక్కలో చెబుతా. ఏటీపీ అంటే జేబులో చిల్లర, ఎప్పటికప్పుడు ఖర్చయ్యేది. ఫాస్ఫోక్రియాటిన్ అంటే రొంటిన దోపుకున్న నోట్లు. చిల్లర అయిపోతే చటుక్కున తీసేది.

మన ఒంటి బరువులో మెదడు నూటికి రెండు వంతులే, కానీ ఖర్చులో ఇరవై వంతులు అదే తింటది. పక్షవాతం వచ్చినప్పుడు ఏమయిద్ది? నెత్తురు ఆగిద్ది, ఉన్న చిల్లరా, రొంటిన ఉన్నదీ నిమిషాల్లో అయిపోద్ది, కణాలు చావడం మొదలెడతాయి. మూతి వంకర పోంగానే ఊళ్లో నాటుమందు కోసం తిరక్కుండా అంబులెన్సుకి ఫోన్ కొట్టమని డాక్టర్లు మొత్తుకునేది అందుకే. ఇవాళ తలకి సూది గుచ్చకుండా, ఎమ్మారై లాంటి యంత్రంతోనే బతికున్న మెదడులో ఈ రెండూ ఎంతెంత ఉన్నాయో కొలుస్తున్నారు. వణుకుడు జబ్బు పార్కిన్సన్స్‌కి క్రియాటిన్ పనిచేసిద్దేమోనని అమెరికా, కెనడాల్లో 1,700 మందికి పైగా మీద పరీక్ష పెట్టారు. లాభం కనపళ్లేదని 2013లో ఆపేశారు. అందుకని ఫోన్లో మెదడు పొడి అంటూ వచ్చే ప్రకటనలు చూసి డబ్బు తగలేసుకోవద్దు.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకి పర్మినెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి పోయి పరిశోధనకి పెద్దయ్యాడు. అన్నదమ్ముల్ని తిన్న స్ప్రూ ఆయన మనసులోంచి పోలేదు. అంతకుముందే బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణీ కూలీల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుద్దని లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ చూపించింది. అందులో పనిచేసే సరుకు ఫోలిక్ యాసిడ్డే అని తర్వాత తేలింది. సుబ్బారావు జట్టు 1945లో దాన్ని తయారు చేసి చూపించింది. స్ప్రూ రోగులకిస్తే తేరుకున్నారు. దానికి ఎదురు పనిచేసే మందులు కూడా వాళ్లే చేశారు. ఆ కోవలో వచ్చిన మెథోట్రెక్సేట్‌ని ఇవాళ్టికీ రక్త క్యాన్సరు మెదడుకి పాకకుండా పిల్లల వెన్నులోకి ఎక్కిస్తారు. బోదకాలు మందు కూడా ఆయన జట్టుదే.

1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి పోయాడు. అప్పటికి 53 ఏళ్లు. ఫోలిక్ యాసిడ్ ముందే వేసుకుంటే, ఒకసారి ఇట్టాంటి కాన్పు అయిన తల్లుల్లో ఆ ముప్పు నాలుగింట మూడు వంతుల దాకా తగ్గుద్దని 1991లో బ్రిటన్ పెద్ద పరీక్షలో తేలింది. ఆ సంగతి ఆయనకి తెలియకుండానే పోయాడు.

నా బాధ ఏందంటే, మనకి ఆ బిళ్ల అందేది ఆలస్యంగా. నెల తప్పిన సంగతి తెలిసి, ఆశా అక్కకి చెప్పి, పేరు రాయించుకునేలోపు ఆ 28 రోజులు దాటిపోతన్నాయి. రోజుకి 400 మైక్రోగ్రాములు గర్భం రాకముందు నుంచే ఇవ్వాలని 2018 నాటి అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలోనే రాసుంది. కాయితం మీద ఉన్నది కోతకి పోయే పిల్ల దాకా రావాలంటే మనం అడగాల. పెళ్లయిన తమ్ముళ్లూ, ఇది ఆడోళ్ల సంగతని తప్పుకోకండి, మీరే పోయి పీహెచ్‌సీలో అడగండి. ముందు కాన్పులో ఇట్టా జరిగుంటే మోతాదు ఎక్కువ కావాల, అది డాక్టరే రాయాల. బడి పిల్లలూ, సోమారం బిళ్ల ఉమ్మేయొద్దు. రక్తం పట్టుద్ది.

మా అక్క రోజూ అన్నం తిన్నాక బిళ్ల వేసుకుంటంది. రెండో కాన్పుకి ఇంకా టైముంది. మిరపకోతకి పోవడం వల్లే బిడ్డ పోయాడని ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ అనడం లేదు.