ఏడు భోజనాలు, ఒక త్రాసు: రాబర్ట్ మెక్‌కారిసన్ జీవితం



బరువు తగ్గాలనో, పెరగాలనో ఎవరైనా అనుకోగానే ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: దీనికి ఏ మాత్ర వేసుకోవాలి? ఈ మధ్య ఆ ప్రశ్నకు జవాబుగా విటమిన్ డి పేరు తరచుగా వినిపిస్తోంది. మీరు కూడా వినే ఉంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో తెలుసుకోవాలంటే ఒక వైద్యుని జీవితం చదవడం మంచిది. తిండికీ, శరీరపు బరువుకీ, ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని మన దేశంలో తొలిసారిగా ప్రయోగశాలలో త్రాసు పెట్టి తూచి చూపిన వారిలో ఆయన ముఖ్యుడు. ఆయన పేరు సర్ రాబర్ట్ మెక్‌కారిసన్.

ఈ పాఠం చదివిన తరువాత మీరు మెక్‌కారిసన్ చేసిన కృషిని వివరించగలుగుతారు. విటమిన్ డి శరీరంలో చేసే పని ఏమిటో, చేయని పని ఏమిటో చెప్పగలుగుతారు.

1. చదువు, భారతదేశానికి రాక

మెక్‌కారిసన్ 1878వ సంవత్సరంలో ఐర్లండ్ ఉత్తర భాగంలోని పోర్టాడౌన్ పట్టణంలో జన్మించారు. బెల్‌ఫాస్ట్ నగరంలో వైద్యవిద్య చదివి 1900లో పట్టా పొందారు. మరుసటి సంవత్సరమే ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి మన దేశానికి వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు 23 సంవత్సరాలు.

మొదట ఆయనను వాయవ్య సరిహద్దులోని చిత్రాల్‌కు, సైనిక దళానికి వైద్యునిగా పంపారు. అక్కడ సిపాయిలకు ఏటా వేసవిలో మూడు రోజులపాటు జ్వరం వచ్చి తగ్గిపోయేది. మెక్‌కారిసన్ ఆ జ్వరాన్ని శ్రద్ధగా పరిశీలించి, ఇసుక ఈగ కాటుకూ దానికీ సంబంధం ఉన్నట్లు గుర్తించారు. రోగానికి మందు ఇచ్చి ఊరుకోకుండా, అది ఎందుకు వస్తోందని అడగడం ఆయన స్వభావం. ఆ స్వభావమే ఆయనను పరిశోధకుణ్ణి చేసింది.

2. గిల్గిట్ లోయలో

1904 నుంచి 1911 వరకు ఆయన కాశ్మీరుకు ఉత్తరాన ఉన్న గిల్గిట్‌లో వైద్యాధికారిగా పనిచేశారు. అక్కడ చాలామందికి గొంతు వాచేది. ఈ జబ్బును గాయిటర్ అంటారు. ఒకే కాలువ నీటిని తాగే గ్రామాలలో, పై గ్రామం కన్నా కింది గ్రామంలో ఈ జబ్బు ఎక్కువగా ఉండడం ఆయన గమనించారు. పైవారు వాడగా మురికైన నీరే కిందివారికి చేరుతున్నదని ఆయన ఆలోచించారు. ఆ నీటిలోని మడ్డిని తానే తాగి చూశారు. ఆయన గొంతు కూడా వాచింది. మడ్డిని మరగకాచి తాగినవారికి వాపు రాలేదు.

దీన్నిబట్టి నీటిలోని కల్మషమే గాయిటర్‌కు మూలమని ఆయన నమ్మారు. ఈ జబ్బుకు ముఖ్య కారణం ఆహారంలో అయోడిన్ లోపమని తరువాత స్థిరపడింది. అంటే ఆయన పరిశీలన చక్కనిదే, కాని ఆయన ఊహించిన కారణం మాత్రం పూర్తిగా సరికాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఎంత గొప్ప పరిశోధకుడు చెప్పినా, తరువాతి పరీక్షలకు నిలిచినదే శాస్త్రంలో నిలుస్తుంది.

గిల్గిట్‌కు దగ్గరలోనే హుంజా అనే లోయ ఉంది. అక్కడి ప్రజల దృఢమైన శరీరాలు ఆయనను ఆకర్షించాయి. వారు ముడి గోధుమలు, బార్లీ, కూరగాయలు, పాలు, ఆప్రికాట్ పండ్లు తినేవారు. మాంసం అరుదు. ఒకే దేశంలో కొందరు బలంగా, కొందరు బలహీనంగా ఉండడానికి తిండి కారణమా అన్న ప్రశ్న ఆయన మనసులో నాటుకుంది. అయితే తరువాతి కాలంలో కొందరు హుంజావారికి రోగమే లేదని అతిగా రాశారు. అది నిజం కాదు. వారికీ జబ్బులు ఉండేవి, తిండి చాలని నెలలూ ఉండేవి.

3. కూనూరులో ఒక గది

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజులలో, 1918లో, మెక్‌కారిసన్ నీలగిరి కొండలలోని కూనూరుకు వచ్చారు. అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయనకు ఒక గది ఇచ్చారు. బెరిబెరి వ్యాధిని పరిశోధించడం ఆయన పని. మర పట్టి తవుడంతా తీసివేసిన తెల్లబియ్యమే ముఖ్య ఆహారంగా ఉన్నవారికి ఈ వ్యాధి వస్తుంది. కాళ్లు తిమ్మిరెక్కడం, వాపు, గుండె బలహీనపడడం దీని లక్షణాలు.

విటమిన్ అన్న మాట పుట్టి అప్పటికి ఆరేళ్లే అయింది. పావురాలకూ, కోతులకూ లోపమున్న ఆహారం పెట్టి ఏయే అవయవాలు ఎలా దెబ్బతింటాయో ఆయన పరీక్షించారు. 1921లో ఈ విషయాలన్నీ గ్రంథంగా ప్రచురించారు.

1923లో ప్రభుత్వం ఖర్చులు తగ్గించుకోవాలని తలపెట్టింది. ఆ పొదుపులో ఈ పరిశోధన మూతపడింది. రెండు సంవత్సరాల తరువాత, 1925లో, తిరిగి ప్రారంభమైంది. కొన్నాళ్లకు ఆ చిన్న ప్రయత్నమే న్యూట్రిషన్ రిసెర్చ్ లేబొరేటరీస్ అనే సంస్థగా ఎదిగింది. మెక్‌కారిసన్ దానికి మొదటి డైరెక్టరు.

1928లో ఆయన ఆహారం గురించి ఒక చిన్న వాచకం కూడా రాశారు. అది వైద్యుల కోసం రాసింది కాదు. మన దేశంలోని విద్యార్థుల కోసం, సామాన్యుల కోసం రాసింది.

4. త్రాసులో ఏడు భోజనాలు

ఇప్పుడు ఆయన ప్రయోగాలలో అన్నిటికన్నా ప్రసిద్ధమైనదాన్ని గురించి తెలుసుకుందాం.

ఒకే వయస్సు, దాదాపు ఒకే బరువు గల ఎలుకపిల్లలను ఆయన ఏడు గుంపులుగా చేశారు. ఒక్కొక్క గుంపుకు దేశంలోని ఒక్కొక్క ప్రాంతంవారి భోజనం పెట్టారు. సిక్కుల భోజనం ఒక గుంపుకు, పఠానులది ఒక గుంపుకు, మరాఠీలది ఒక గుంపుకు, గూర్ఖాలది, కన్నడిగులది, బెంగాలీలది, మద్రాసు వారిది తక్కిన గుంపులకు పెట్టారు. అన్ని గుంపులకూ బోను, గాలి, వెలుతురు ఒకే విధంగా ఉండేలా చూశారు. కొన్నాళ్ల తరువాత వాటిని తూచారు.

పైన చెప్పిన వరుసలోనే వాటి బరువులు ఉన్నాయి. సిక్కుల భోజనం తిన్న ఎలుకలు అన్నిటికన్నా బాగా ఎదిగాయి. మద్రాసు భోజనం తిన్నవి అన్నిటికన్నా తక్కువ తూగాయి. ఆ రోజుల్లో కోస్తా జిల్లాలు, రాయలసీమ కూడా మద్రాసు రాష్ట్రంలోనివే. కాబట్టి ఆ ఫలితం మన ఇంటి మాట కూడా.

మరి ఆ రెండు భోజనాలలో తేడా ఏమిటి? సిక్కుల పళ్లెంలో పొట్టు తీయని గోధుమ రొట్టె, వెన్న, పాలు, మొలకెత్తిన గింజలు, పచ్చి కూరలు, అప్పుడప్పుడు మాంసం ఉన్నాయి. మద్రాసు పళ్లెంలో మర పట్టిన తెల్లన్నమే ఎక్కువ. పాలు, పప్పు, కూరలు చాలా తక్కువ. కడుపు నిండింది గాని శరీరం కట్టుకోవడానికి కావలసిన సరుకు అందలేదు.

ఆయన తన ప్రయోగశాలలోని పెంపుడు ఎలుకలకు సిక్కుల భోజనం వంటిదే పెట్టించేవారు. పరిశుభ్రమైన చోటు, మంచి గాలి, ఎండ కూడా వాటికి అమర్చారు. రెండేళ్లకు పైగా వాటిలో జబ్బులు దాదాపు కనిపించలేదు. మరొక ప్రయోగంలో ఇంగ్లండులోని పేదల తిండిని, అంటే తెల్ల రొట్టె, మార్గరిన్, తీపి టీ, డబ్బా మాంసం వంటివి పెట్టారు. ఆ ఎలుకలు గిడసబారిపోయి, ఒకదానినొకటి కరుచుకున్నాయి. కాబట్టి లోపం ఒక ప్రాంతానిదో, ఒక జాతిదో కాదు, తిండిది.

ఇక్కడ మీరు రెండు జాగ్రత్తలు పాటించాలి. మొదటిది: ఎలుక మనిషి కాదు. రెండవది: ఏ ప్రాంతంలోనైనా అందరూ ఒకే తిండి తినరు. పాలు, కూరలు తెలియక మానినవారి కన్నా కొనలేక మానినవారే ఎక్కువ. పేదరికాన్ని అలవాటు అనుకోవడం పొరపాటు.

5. ఎండలో దొరికే విటమిన్

మెక్‌కారిసన్ కూనూరులో పనిచేస్తున్న కాలంలోనే ఇతర దేశాలలో విటమిన్ డి సంగతి బయటపడింది. పిల్లల ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోయే జబ్బును రికెట్స్ అంటారు. కాడ్ లివర్ నూనె, సూర్యకాంతి రెండూ దానిని నయం చేస్తున్నట్లు తేలింది. 1922లో అమెరికా శాస్త్రవేత్త మెకాలమ్ ఆ నూనెలోని పదార్థాన్ని వేరుగా గుర్తించారు. దానికే విటమిన్ డి అనే పేరు వచ్చింది.

మన దేశంలోనూ దీనికి నిదర్శనం దొరికింది. 1920ల తొలినాళ్లలో నాసిక్ ప్రాంతంలో హచిసన్, షా అనే వైద్యులు రికెట్స్‌ను పరిశీలించారు. ఘోషా పాటించే కలిగిన కుటుంబాలలో తిండికి లోటు లేదు. అయినా వారి పిల్లలలో ఈ జబ్బు కనిపించింది. ఆరుబయట పనిచేసే పేదల పిల్లలకు తిండి తక్కువైనా ఎండ అందేది, రికెట్స్ అంతగా లేదు. మంచి భోజనం ఒక్కటే చాలదని, వెలుతురు కూడా కావాలని దీనివల్ల తెలిసింది.

విటమిన్ డి చేసే పని ఏమిటి? మనం తిన్న ఆహారంలోని కాల్షియాన్ని పేగు పీల్చుకునేలా చేస్తుంది. అందువల్ల ఎముకలు గట్టిపడతాయి. కండరాలకూ ఇది అవసరం. చేపలు, గుడ్డు పచ్చసొన, కాలేయంలో ఇది కొంత లభిస్తుంది. అన్నం, పప్పు, కూరగాయలలో దాదాపు లేదు. చర్మం మీద ఎండ పడితే శరీరమే దీనిని తయారుచేసుకుంటుంది. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ దీనికి పనికిరాదు. అందుకే ఇంత ఎండ కాసే మన దేశంలోనూ గదులలోనే ఉండి పనిచేసే చాలామందికి ఈ విటమిన్ చాలడం లేదు.

6. బరువు సంగతి

స్థూలకాయుల రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉండడం నేడు చాలా పరీక్షలలో కనిపించింది. దీనిని చూసి, విటమిన్ డి వేసుకుంటే లావు తగ్గుతుందని కొందరు అనుకున్నారు. కాని ఇది కొవ్వులో కరిగే విటమిన్. శరీరంలో కొవ్వు ఎక్కువైతే ఈ విటమిన్ అందులో చెదిరి, రక్తంలో తక్కువగా తేలుతుంది. అంటే లావు కారణంగా విటమిన్ తగ్గవచ్చు. విటమిన్ మాత్రలు ఇచ్చి చూసిన పరీక్షలలో బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. గిల్గిట్ నీటి సంగతి ఇప్పుడు గుర్తు చేసుకోండి. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన మొదటిది రెండవదానికి అసలు కారణమని నిర్ణయించకూడదు.

అయినా లోపాన్ని సరిచేసుకోవడం అవసరమే. ఎముకలు నొప్పులు పుట్టి, కండరాలు నీరసిస్తే నడక తగ్గుతుంది. నడక తగ్గితే బరువును అదుపులో ఉంచుకోవడం కష్టమవుతుంది. పెద్దవారికి రోజుకు 600 యూనిట్లు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. లోపం ఉందో లేదో వైద్యుడు చెప్పాలి. సొంతంగా ఎక్కువ మోతాదు వేసుకుంటే అది శరీరంలో నిలవ ఉండి, రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులు, మలబద్ధకం, చివరకు మూత్రపిండాలకు హాని కలుగుతాయి.

7. చివరి సంవత్సరాలు, హైదరాబాదుతో బంధం

1933లో మెక్‌కారిసన్‌కు సర్ బిరుదు లభించింది. 1935లో ఆయన ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడ్డారు. మరుసటి సంవత్సరం పోషణ, దేశ ఆరోగ్యం అనే విషయం మీద లండన్‌లో ఉపన్యాసాలు ఇచ్చారు. 1960లో మరణించారు.

ఆయన నాటిన మొక్క మాత్రం ఇక్కడే పెరిగింది. 1958లో ఆ సంస్థ కూనూరు నుంచి హైదరాబాదుకు మారింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. తార్నాకలో మీరు చూసే ఆ సంస్థకు మూలం 1918 నాటి ఆ ఒక్క గదే.

సారాంశం

మెక్‌కారిసన్ కాలంలో మన దేశపు సమస్య తక్కువ బరువు. నేడు ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, తక్కువ బరువూ ఎక్కువ బరువూ కలిసి ఉంటున్నాయి. రెండింటికీ ఆయన ప్రయోగం చెప్పేది ఒకటే. ఆయన త్రాసులో తూచింది ఒక విటమిన్‌ను కాదు, మొత్తం పళ్లెాన్ని. ఎక్కువగా తెల్లన్నం ఉండే పళ్లెంలో అన్నం కొంత తగ్గించి, పప్పు, ఆకుకూర, పెరుగు, వీలైతే గుడ్డు పెంచండి. బియ్యం మరీ తెల్లగా పట్టించకండి. రోజూ కాసేపు ఆరుబయట ఎండలో నడవండి. ఆ నడక ఎముకకూ మంచిది, బరువుకూ మంచిది. దానికి ఖర్చూ లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గాయిటర్ విషయంలో మెక్‌కారిసన్ పరిశీలనలో సరైనది ఏది? సరికానిది ఏది?
2. సిక్కుల భోజనానికీ, మద్రాసు భోజనానికీ గల తేడాలు రాయండి.
3. నాసిక్‌లో కలిగిన కుటుంబాల పిల్లలకు రికెట్స్ ఎందుకు వచ్చింది?
4. విటమిన్ డి మాత్రలతో లావు తగ్గుతుందని మీ పొరుగువారు అంటే మీరు ఏమని చెబుతారు?

చేసి చూడండి

ఒక వారం రోజులపాటు మీ ఇంట్లో ప్రతి ఒక్కరూ ఏమేమి తిన్నారో, ఎంతసేపు ఎండలో ఉన్నారో ఒక నోటుపుస్తకంలో రాయండి. వారం చివర చదివి చూడండి. ఆఖరున తినేవారి పళ్లెంలో ఏమి మిగులుతోందో ప్రత్యేకంగా గమనించండి.