తోళ్ల వ్యాపారి పేరయ్యగారు

జ్యూయెట్ దొరగారిని, క్లౌ దొరగారిని మన పిల్లలు సండేస్కూలులో ఎరుగుదురు. ఎర్రగుంట్ల పేరయ్యగారిని గూర్చి చెప్పువారు తక్కువ. ఇది న్యాయము కాదని మా తలంపు. పనికొరకు ఊరు విడిచి సర్జాపురలో స్థిరపడిన మనకు దొరలకంటె ఆయనే దగ్గరివాడు.

ఆయన ఒంగోలుకు పడమటనున్న తలకొండపాడు మాదిగపల్లెవారు. సత్యము కావలెనని రాజయోగము అభ్యసించి, ఇతరులకు నేర్పినవారు. అయినను మనస్సు నెమ్మది పొందలేదు. తోళ్ల వ్యాపారముమీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు యేసు నామము ఆయన చెవిని పడినది. ఇంటికి లాభముతోపాటు ఆ మాటను కూడ తెచ్చుకొనెను. ఊరిలో సంఘము లేదు, పాదిరి లేడు. తెలిసినంతవరకే తనవారికి చెప్పుచు వచ్చెను.

1866లో భార్యతో కూడ జ్యూయెట్ దొరగారిచేత బాప్తిస్మము పొందిరి. ఆ యేడే ఒంగోలు చేరిన క్లౌ దొరగారిని తన ఊరికి పిలిచిరి. దొరగారు వెళ్లునప్పటికి జనము సిద్ధముగా ఉండిరి. 1867 జనవరిలో అక్కడ 28 మంది బాప్తిస్మము పొందిరి.

అటుపైన కష్టము మొదలైనది. విశ్వాసులు చచ్చిన పశువుల మాంసము తినమనిరి, జాతరలో డప్పు కొట్టమనిరి, ఆదివారము పనికి రామనిరి. చెప్పులు కుట్టి గింజలు తెచ్చుకొను ఇండ్లకు ఊరిపెద్దల కోపమనగా పస్తులే గదా! పేరయ్యగారు మానలేదు. పల్లె పల్లెకు నడిచి, చెప్పులు కుట్టువారి ప్రక్కన కూర్చుండి బోధించిరి.