చెళ్ళపిళ్ళ వారి జ్ఞాపకాల తెలుగు

ఒక జాతి చరిత్రను శాసనాలు కొంత, కావ్యాలు కొంత చెబుతాయి. కాని వీధి అరుగుల మీద పెద్దలు చెప్పుకొన్న ముచ్చట్లు, గురువుల ఇండ్లలో గడిచిన చదువులు, ఆనాటివారి మాటతీరు ఎవరో ఒకరు అక్షరబద్ధం చేస్తే తప్ప నిలువవు. పద్యవిద్యలో శిఖరాన్ని అందుకొని కూడా అటువంటి జ్ఞాపకాలను వాడుక మాటలలో భద్రపరచిన మహాకవి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి.

వేంకటశాస్త్రి 1870 ఆగస్టు 8వ తేదీన గోదావరి తీరప్రాంతమైన కడియంలో జన్మించారు. ఆయన పూర్వులలో కవిపండితులు ఉన్నారు. వారు సేకరించిన గ్రంథాలు ఆ ఇంటికి ఆస్తిగా మిగిలాయి. బాల్యంలో కొంతకాలం యానాంలో గడిపారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి సన్నిధిలో వ్యాకరణం చదువుతున్నప్పుడు ఆయనకు దివాకర్ల తిరుపతిశాస్త్రి సహాధ్యాయి అయ్యారు. వారి స్నేహం తెలుగు సాహిత్యచరిత్రలో ఒక అధ్యాయమయింది. ఎవరు రచించినా ఇద్దరి పేరనే వెలువరించాలని వారు నియమం పెట్టుకొన్నారు. తిరుపతి వేంకటకవులుగా లోకం వారిని ఎరిగింది.

1890లో కాకినాడలో వారిద్దరూ కలిసి శతావధానం చేశారు. శతావధానంలో నూరుగురు పృచ్ఛకులు అడిగిన విషయాలపై ఒక్కొక్కరికి ఒక్కొక్క చరణం వంతున పద్యాలు చెప్పి, చివర వాటినన్నింటినీ జ్ఞాపకం నుండి అప్పగించాలి. దీనినే ధారణ అంటారు. ఆ విద్యతో వారు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు మొదలైన సంస్థానాలలో సన్మానాలు పొందారు. పండితుల నడుమ మాత్రమే వినిపించే పద్యాన్ని సామాన్యుల ముంగిటికి తెచ్చారు. వారి పాండవోద్యోగ విజయాలు నాటకాలుగా ఊరూరా ప్రదర్శింపబడ్డాయి. కృష్ణా డెల్టా పల్లెలలో అక్షరం రానివారు సైతం రాయబార ఘట్టంలోని పద్యాలను నోటికి నేర్చుకొని రాగయుక్తంగా పాడుకొనేవారు.

తరువాత వేంకటశాస్త్రి మచిలీపట్నంలో తెలుగు పండితులుగా పనిచేశారు. ఆ పట్టణాన్ని కృష్ణా జిల్లావారు బందరు అనే పిలుస్తారు. బందరు అంటే ఓడరేవు. 1902లో ఆరంభమైన కృష్ణాపత్రిక, 1910లో నెలకొన్న ఆంధ్ర జాతీయ కళాశాల ఆ ఊరికి కొత్త చైతన్యాన్ని ఇచ్చాయి. అటువంటి చోట వేంకటశాస్త్రి పాఠం చెప్పిన పద్ధతి ఎందరో యువకులను కవులుగా తీర్చింది. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఆయన శిష్యులే. గోదావరి సీమలో పుట్టిన గురువు, కృష్ణా సీమలో శిష్యసంపదను పెంచుకొన్నారు.

1920లో తిరుపతిశాస్త్రి మరణించారు. ముప్పది సంవత్సరాల జంట విడిపోయింది. అయినా వేంకటశాస్త్రి మిత్రునితో చేసుకొన్న నియమాన్ని విడువలేదు. ఆ తరువాత తాను ఒంటరిగా రచించిన గ్రంథాలను కూడా ఇద్దరి పేరనే ప్రకటించారు. జ్ఞాపకం ఆయనకు సభలో ప్రదర్శించే విద్య మాత్రమే కాదని, తీర్చవలసిన ఋణమని దీనివల్ల తెలుస్తుంది.

ఆ ఋణభావమే కథలు – గాథలు అనే వచన రచనలో కనబడుతుంది. చిన్ననాటి చదువు, కాశీ ప్రయాణం, గురువులు, తిరుపతిశాస్త్రితో చేసిన సంచారాలు, సంస్థానాల ఆదరణ, ఎదురైన వివాదాలు ఇందులో వస్తువులు. ఒక విషయం మొదలుపెట్టి, దాని నుండి మరొక ముచ్చటకు మరలి, మళ్ళీ మొదటి చోటికి రావడం ఈ రచనలోని తీరు. ఎదురుగా కూర్చుండి ఒక తాతగారు చెబుతూ ఉండగా మనుమలు వింటున్నట్లు ఉంటుంది.

ఆ కాలంలో ఇది చిన్న విషయం కాదు. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం ఉద్యమిస్తూ ఉండగా, నిత్యం మాట్లాడే మాట గ్రంథరచనకు తగదని పలువురు పండితులు గట్టిగా వాదించారు. వ్యాకరణం క్షుణ్ణంగా చదివిన శతావధాని తన జీవితాన్ని మాటల తెలుగులో చెప్పుకోవడం వల్ల ఆ మాటకు గౌరవం పెరిగింది. పద్యానికి పద్యపు మర్యాద, మాటకు మాట మర్యాద ఉన్నాయని ఆయన రచనలే నిరూపించాయి.

1949లో మద్రాసు ప్రభుత్వం వేంకటశాస్త్రిని ఆస్థానకవిగా నియమించి గౌరవించింది. మరుసటి సంవత్సరమే, 1950లో ఆయన పరమపదించారు. ఆయన శిష్యుడైన విశ్వనాథ సత్యనారాయణ విజయవాడలోని ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో చాలాకాలం అధ్యాపకులుగా ఉన్నారు. బందరులో గురువు పెట్టిన దీపం ఆ విధంగా బెజవాడలో మరొక తరానికి వెలుగునిచ్చింది.

నేడు ఊళ్ళు పెరిగాయి. పెంకుటిండ్లు, వాటి అరుగులు తగ్గిపోతున్నాయి. వాటితోపాటు అక్కడ పలికిన మాటలు కూడా మరుగున పడుతున్నాయి. నూరు పద్యాలను ధారణలో నిలుపుకొన్న వేంకటశాస్త్రి సైతం జ్ఞాపకాలను మనసుకే వదిలివేయక కాగితానికి ఎక్కించారు. ఇంటిలోని పెద్దల ముచ్చట్లను వారి మాటలలోనే రాసిపెట్టుకోవడం ఆ మహాకవి జీవితం నుండి ప్రతి విద్యార్థీ నేర్చుకోదగిన పాఠం.