గోవాను వదలని అయ్యవారు

డిసెంబరు 19 గోవా విమోచన దినం. కిందటేడు ఆ పాఠం చెబుతుండగా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి నిలబడింది. వాళ్ల అమ్మమ్మగారి ఊరు యానాం. యానాం, పుదుచ్చేరి 1954 నవంబరు 1నే మన చేతికి వచ్చేశాయి కదా, గోవాకు మాత్రం ఇంకో ఏడేళ్లు ఎందుకు పట్టిందని అడిగింది. ఫ్రాన్స్ పెద్ద దేశం, పోర్చుగల్ చిన్న దేశం. పెద్దది పోయింది గానీ చిన్నది ఎందుకు పోలేదన్నది ఆమె సందేహం.

సైన్యం వెళ్లింది, గోవా వచ్చింది అన్నంతవరకే మనం సాధారణంగా చెప్పుకుంటాం. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు గోవాలో దొరకదు. లిస్బన్‌లో కూర్చున్న ఒక మాజీ ప్రొఫెసర్ కథలో దొరుకుతుంది. ఆయన పేరు ఆంటోనియో ద ఒలివెయిరా సలజార్. 1932 నుంచి 1968 దాకా ముప్పై ఆరేళ్లు పోర్చుగల్ ప్రధానమంత్రి.

సలజార్ 1889 ఏప్రిల్ 28న విమియెయిరో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఆసాముల పొలాల బాగోగులు చూసే మామూలు మనిషి. నలుగురు ఆడపిల్లల తర్వాత పుట్టిన ఒక్కడే కొడుకు. మంచి చదువరి. పదకొండో ఏట క్రైస్తవ గురువుల సెమినరీలో చేరి ఎనిమిదేళ్లు చదివాడు. చివరికి ఫాదరీ కాలేదు. 1910లో కొయింబ్రా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదవడానికి చేరి, తర్వాత అక్కడే అర్థశాస్త్రం బోధించే అయ్యవారయ్యాడు.

ఆయన కొయింబ్రాలో చేరిన ఏడే రాజరికం కూలి రిపబ్లిక్ వచ్చింది. కానీ ఆ రిపబ్లిక్ ఒక చోట కుదురుకోలేదు. పదహారేళ్లలో నలభైకి పైగా ప్రభుత్వాలు మారాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో దిగడంతో అప్పులు పెరిగాయి, ధరలు మండాయి. జనం విసిగిపోయి ఉన్న ఆ సమయంలో, 1926 మే 28న, సైన్యం అధికారం లాక్కుంది. తుపాకి పట్టిన చేతులకు ఖజానా లెక్కలు రావు కదా! కొయింబ్రా ప్రొఫెసర్‌కు కబురు పెట్టారు. మొదటిసారి వచ్చి, అడిగిన అధికారం ఇవ్వకపోయేసరికి కొద్ది రోజులకే వెనక్కి వెళ్లిపోయాడు. 1928 ఏప్రిల్‌లో మళ్లీ పిలిచారు. ఈసారి ఒక షరతు మీద వచ్చాడు. ఏ శాఖ ఎంత ఖర్చు పెట్టాలన్నా తన అనుమతి ఉండాలి. సైనికులు సరేనన్నారు.

ఈ ఒక్క షరతుతో దేశం ఆయన గుప్పిట్లోకి వచ్చింది. ఖర్చులు కోశాడు, పన్నులు పెంచాడు, ఏడాదిలోనే బడ్జెట్‌లో మిగులు చూపించాడు. అంతవరకు లోటు తప్ప ఎరగని జనానికి అదొక అద్భుతంలా కనిపించింది. 1932 జులైలో ప్రధాని అయ్యాడు. మరుసటేడు కొత్త రాజ్యాంగం రాయించి ప్రజల ఓటుకు పెట్టాడు. ఓటు వేయనివాళ్లను కూడా ఒప్పుకున్నవాళ్ల కిందే జమకట్టారు. మాట్లాడకపోతే అంగీకరించినట్టే! ఈ లెక్కల మాస్టారి మొత్తం పాలన ఆ ఒక్క సూత్రం మీదే నడిచిందని నాకు అనిపిస్తుంది.

అదే కాలంలో ఇటలీలో ముస్సోలినీ, జర్మనీలో హిట్లర్ బాల్కనీల మీద నిలబడి గొంతు చించుకునేవారు. సలజార్ అలాంటివాడు కాదు. సన్నటి గొంతు, నల్ల కోటు, ఇంటిపట్టున ఉండే స్వభావం. పెళ్లి చేసుకోలేదు. ఆయన ఇల్లు చూసుకునే మరియా అనే ఆవిడ ప్రధాని నివాసం తోటలో కోళ్లు పెంచేది. సొంతానికి దోచుకున్నాడన్న నింద పెద్దగా లేదు. అందుకే ఆయన్ని మంచివాడే, కఠినుడు అంతే అని సరిపెట్టుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. లంచం తినని నియంత కూడా నియంతేనని పిల్లలకు చెప్పడం కొంచెం కష్టమే.

ఆయన గుంపులను రెచ్చగొట్టలేదు, నోళ్లు మూయించాడు. దేశంలో ఒకే పార్టీ మిగిలింది. సమ్మెలు నిషేధం. ప్రతి పత్రికా అచ్చుకు ముందే సెన్సారు చేతికి వెళ్లాలి. అక్కడి అధికారి నీలం పెన్సిలుతో కొట్టేసిన ముక్క ఇక అచ్చులోకి రాదు. అన్నిటికీ మించి రహస్య పోలీసు ఉండేది. 1945 నుంచి దాన్ని పిడే అనేవారు. కాఫీ దుకాణంలో పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడు, ఆఫీసులో తోటి గుమాస్తా, ఎవరైనా పిడేకు సమాచారం మోసేవాడు కావచ్చు. నేరం మోపకుండానే నెలల తరబడి నిర్బంధించేవారు. రోజుల తరబడి నిద్ర పోనిచ్చేవారు కాదు, కదలకుండా నిలబెట్టేవారు. శిక్షాకాలం పూర్తయ్యాక కూడా ప్రమాదకరమనుకున్న ఖైదీని వదలకుండా ఉంచే ఏర్పాటు ఉండేది. ఆఫ్రికా తీరాన కేప్ వెర్డె దీవుల్లో 1936లో టరఫాల్ అనే శిబిరం తెరిచారు. అక్కడ ఎర్రటి ఎండలో కాగే సిమెంటు గది ఒకటి ఉండేది. ఖైదీలు దానికి వేపుడు పెనం అని పేరు పెట్టుకున్నారు. ఆ శిబిరంలో ముప్పైమందికి పైగా రాజకీయ ఖైదీలు చనిపోయారు.

బడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, నాదీ అదే వృత్తి గనుక. ప్రాథమిక పాఠశాలల్లో తప్పనిసరి చదువును మూడేళ్లకు కుదించారు. చదవడం, రాయడం, లెక్కించడం వస్తే చాలు, పేదవాడికి అంతకన్నా ఎక్కువ చదువు అనవసరమన్నది ఆ పాలన ధోరణి. 1936లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలను మూసేసి కొన్నేళ్ల దాకా తెరవలేదు. శిక్షణ లేనివాళ్లను తక్కువ జీతానికి పల్లె బడుల్లో పెట్టారు. ప్రతి తరగతి గోడ మీదా నడుమ సిలువ, ఒక పక్క అధ్యక్షుడి పటం, ఇంకో పక్క సలజార్ పటం. పిల్లలు ప్రభుత్వ యువజన దళంలో చేరాలి, ఆకుపచ్చ చొక్కా తొడుక్కోవాలి. ఇంకా వింత ఏమిటంటే, బడి పంతులమ్మ పెళ్లి చేసుకోవాలంటే మంత్రిత్వశాఖ అనుమతి కావాలి. వరుడి నడవడి మంచిదని, అతని సంపాదన పంతులమ్మ జీతానికి తగినదని కాగితాలతో రుజువు చేయాలి. ఈ సంగతి స్టాఫ్ రూములో చెబితే మా టీచర్లు ముందు నవ్వారు, తర్వాత నవ్వలేదు. 1950 నాటికి కూడా పోర్చుగల్‌లో పదిమందిలో నలుగురికి చదవడం రాదు.

పొరుగు దేశం స్పెయిన్‌లో 1936లో అంతర్యుద్ధం మొదలైతే సలజార్ జనరల్ ఫ్రాంకో పక్షం వహించాడు. ప్రాణభయంతో సరిహద్దు దాటి వచ్చినవాళ్లలో చాలామందిని పట్టి ఫ్రాంకో సైన్యానికే అప్పగించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోర్చుగల్ తటస్థంగా ఉంది. ఆయుధాల తయారీకి పనికొచ్చే టంగ్‌స్టన్ ఖనిజాన్ని ఇరుపక్షాలకూ అమ్మింది. 1940 జూన్‌లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో పోర్చుగల్ కాన్సుల్‌గా ఉన్న అరిస్తిదెస్ ద సూసా మెండెస్, నాజీల నుంచి పారిపోతున్న యూదులకు, ఇతరులకు వేలాదిగా వీసాలు ఇచ్చాడు. లిస్బన్ ఆజ్ఞ అందుకు విరుద్ధం. సలజార్ ఆయన ఉద్యోగ జీవితాన్ని అక్కడితో ముగించాడు. ఆ మనిషి 1954లో కటిక పేదరికంలో కన్నుమూశాడు.

ఇక మన గోవా. సలజార్ దృష్టిలో పోర్చుగల్ యూరప్ అంచున ఉన్న చిన్న పేద దేశం కాదు, ఆఫ్రికా నుంచి ఆసియా దాకా పరచుకున్న మహారాజ్యం. ఇంట్లో అన్నం లేకపోయినా మన వంశం గొప్పదని చెప్పుకునే పెద్దమనుషులు మన ఊళ్లలోనూ ఉంటారు. వలసలు వదులుకోవాలని ప్రపంచం ఒత్తిడి తెచ్చేసరికి, 1951లో రాజ్యాంగంలో మాట మార్చాడు. అవి వలసలు కావు, సముద్రాల అవతల ఉన్న రాష్ట్రాలు. కాబట్టి గోవా పోర్చుగల్‌లో భాగమే. ఇక చర్చకు తావేముంది?

ఇక్కడే ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఉంది. ఫ్రాన్స్‌లో ప్రభుత్వాలు ఎన్నికల్లో ఓడేవి, పత్రికలు తిట్టేవి, పార్లమెంటు నిలదీసేది. యానాం పోయినంత మాత్రాన ఆ దేశ వ్యవస్థ కూలిపోదు. సలజార్‌కు ఆ వీలు లేదు. గోవా అడిగితే ఇచ్చేస్తే రేపు అంగోలా అడుగుతుంది, ఎల్లుండి మొజాంబిక్ అడుగుతుంది. ఆ పై రోజు లిస్బన్ వీధుల్లో జనమే అడుగుతారు.

గోవాలోనూ లిస్బన్ పద్ధతే. సభ పెట్టడానికి వీల్లేదు, పెళ్లి శుభలేఖ కూడా సెన్సారు చూడాల్సిందే. 1946 జూన్ 18న రామ్ మనోహర్ లోహియా మడ్‌గావ్‌లో ఆ నిషేధాన్ని ధిక్కరించి సభ పెట్టాక ఉద్యమం రాజుకుంది. గోవా జాతీయవాది టి.బి. కున్హాకు ఎనిమిదేళ్ల శిక్ష వేసి సముద్రాలు దాటించి పోర్చుగల్‌లోని పెనిష్ కోటలో పెట్టారు. 1955 ఆగస్టు 15న సత్యాగ్రహులు వేలల్లో అటు మహారాష్ట్ర, ఇటు కర్ణాటక సరిహద్దుల నుంచి ఉత్త చేతులతో గోవాలోకి నడిచారు. పోర్చుగీసు కాల్పుల్లో ఇరవైమందికి పైగా చనిపోయారు. భారత్ సరిహద్దు మూసేసింది. అయినా సలజార్ తొణకలేదు. గోవాకు బంగాళాదుంపలు హాలెండ్ నుంచి, సిమెంటు జపాన్ నుంచి ఓడల్లో తెప్పించారు.

1961 డిసెంబరులో భారత సైన్యం సరిహద్దుకు చేరింది. గోవాలో ఉన్న పోర్చుగీసు సైనికులు మూడు వేల పైచిలుకు. యుద్ధ విమానం ఒక్కటీ లేదు. డిసెంబరు 14న సలజార్ గవర్నర్ జనరల్ వస్సాలో ఇ సిల్వాకు సందేశం పంపాడు. లొంగిపోవడం అన్న మాటే ఉండకూడదు, మన సైనికులు గెలవాలి లేదా చావాలి అని దాని సారాంశం. ఎనిమిది వేల కిలోమీటర్ల దూరంలో బల్ల ముందు కూర్చుని వేలమంది చావును అంత నిబ్బరంగా రాయగలిగాడు. గవర్నర్ ఆ ఆజ్ఞ పాటించలేదు. డిసెంబరు 19 సాయంత్రం లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. బతికి స్వదేశం చేరినందుకు ఆయనకు దక్కిన బహుమానం సైన్యం నుంచి బహిష్కరణ. ఆ కోపం అక్కడితో ఆగలేదు. మొజాంబిక్‌లో తరాలుగా వ్యాపారం చేసుకుంటున్న భారతీయులను శిబిరాల్లో నిర్బంధించి, ఆస్తులు లాక్కుని, దేశం నుంచి పంపేశారు. గోవాకూ వాళ్లకూ ఏం సంబంధం?

అదే 1961లో అంగోలాలో తిరుగుబాటు మొదలైంది. 1963లో గినీ, 1964లో మొజాంబిక్. మూడు చోట్ల యుద్ధం, పదమూడేళ్లు నడిచింది. పోర్చుగీసు సైనికులే ఎనిమిది వేలమందికి పైగా పోయారు, ఆఫ్రికా ప్రజలు అంతకు ఎన్నో రెట్లు. రొడీషియాలో తెల్లజాతి ప్రభుత్వం మీద ప్రపంచం ఆంక్షలు పెడితే, వాటిని తప్పించుకోవడానికి మొజాంబిక్ దారి ఇచ్చింది సలజార్ ప్రభుత్వమే. సైన్యంలో చేరక తప్పని కుర్రాళ్లు, పనిలేని రైతులు రాత్రిపూట కొండలు దాటి ఫ్రాన్స్‌కు పారిపోయారు. అలా దేశం విడిచినవాళ్లు పది లక్షలకు పైనే. పల్లెల్లో ముసలివాళ్లు, ఆడవాళ్లు మిగిలారు.

ఎదిరించినవాళ్లు లేకపోలేదు. 1958 అధ్యక్ష ఎన్నికల్లో జనరల్ హుంబెర్తో డెల్గాడో నిలబడి, తాను గెలిస్తే సలజార్‌ను తీసేస్తానని బాహాటంగా చెప్పాడు. ఊరూరా జనం విరగబడ్డారు. ప్రభుత్వ లెక్కలో ఆయనకు వచ్చింది నాలుగో వంతు ఓట్లే. మరుసటేడు అధ్యక్షుణ్ని జనం నేరుగా ఎన్నుకునే పద్ధతే ఎత్తేశారు. 1965 ఫిబ్రవరిలో పిడే మనుషులు డెల్గాడోను మాయమాటలతో స్పెయిన్ సరిహద్దుకు రప్పించి చంపారు. వెంట వచ్చిన ఆయన కార్యదర్శిని కూడా వదల్లేదు.

1968 ఆగస్టులో సముద్రతీరాన విశ్రాంతి తీసుకుంటూ సలజార్ కుర్చీలోంచి పడిపోయాడు. తలకు దెబ్బ తగిలింది. సెప్టెంబరులో శస్త్రచికిత్స చేశారు, ఆ వెంటనే పక్షవాతం వచ్చింది. ఇక కోలుకోడనుకుని సెప్టెంబరు 27న మార్సెలో కైతానోను ప్రధానిగా నియమించారు. కానీ సలజార్ కోలుకున్నాడు. పదవి పోయిందన్న సంగతి ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మాజీ మంత్రులు వచ్చి ఎదురుగా కూర్చుని రాజ్య వ్యవహారాలు విన్నవించేవారు. 1969లో ఒక ఫ్రెంచి విలేకరితో ఆయన తానే ఇంకా ప్రధానినన్నట్టు మాట్లాడాడు. నీలం పెన్సిలు చివరికి ఆయన ప్రపంచాన్ని కూడా కత్తిరించింది. 1970 జులై 27న పోయాడు. పుట్టిన పల్లెలోనే సాదా సమాధి.

నాలుగేళ్ల తర్వాత, 1974 ఏప్రిల్ 25న, ఆఫ్రికా యుద్ధాలతో విసిగిన యువ సైనికాధికారులే ఆ పాలనను కూల్చారు. జనం తుపాకి గొట్టాల్లో ఎర్ర కార్నేషన్ పూలు గుచ్చారు. ఆ ఏడాది చివరికల్లా గోవా భారత్‌దేనని పోర్చుగల్ ఒప్పుకుంది. వస్సాలో ఇ సిల్వాకు సైనిక హోదా తిరిగి ఇచ్చారు.

2007లో పోర్చుగల్ టెలివిజన్ తమ దేశంలో అందరికన్నా గొప్పవాడు ఎవరని ప్రేక్షకుల ఓటు అడిగింది. 41 శాతంతో మొదట నిలిచింది సలజార్. రెండో స్థానం కమ్యూనిస్టు నాయకుడు ఆల్వరో కున్యాల్‌ది. ఏళ్ల తరబడి జైల్లో మగ్గి, 1960 జనవరిలో పెనిష్ కోట గోడ దిగి తప్పించుకున్నవాడు. మూడో స్థానం వీసాలు ఇచ్చిన సూసా మెండెస్‌ది. ఈ ముగ్గురి పేర్లూ నల్లబల్ల మీద రాసి, మీరైతే ఎవరికి ఓటు వేస్తారని మా తరగతిని అడిగాను. గంట కొట్టినా వాదన ఆగలేదు.